అయిదేసి చొప్పున నిండిన గాదె

ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి, నేరేడ్‌మెట్‌లోని ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో, ఉప్మా మూకుడు పక్కకి దించి లోవలక్ష్మి ఒక ఆవుని తిడుతోంది.

"నన్నేం చెయ్యమంటావే? తీస్తాను, తీసి ఎక్కడ పెట్టను? నీ నెత్తిన పెట్టనా?"

వంటమనిషి లచ్చమ్మ ఉల్లిపాయలు కోస్తున్నదల్లా తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. ఆవు టాబ్లెట్‌లో ఉంది. పొదుగు నిండి, కాళ్లు మార్చుకుంటూ, పిండేవాళ్ల కోసం ఎదురుచూస్తోంది. దాని పక్కన మరో అయిదు అదే వాలకంలో ఉన్నాయి. లోవలక్ష్మి బిందెను వేలితో లాక్కెళ్లి ఆవు మీద పెట్టినప్పుడల్లా తెర మధ్యలో ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు రెండు ముక్కలు వచ్చి నిలబడుతున్నాయి. బార్న్ ఫుల్. గాదె నిండింది, ఇంకేమీ పట్టదు, వెళ్లిరా అని దాని అర్థం.

"మల్ల నిండిందా అమ్మా?" అంది లచ్చమ్మ.

"ఖాళీ అయితే కదే మళ్లీ నిండడానికి! ఆర్నెల్ల నుంచీ ఇదే ఏడుపు. కోళ్లు గుడ్లు పెట్టి కూర్చున్నాయి, తియ్యలేను. పొయ్యిలో రొట్టెలు కాలి కూర్చున్నాయి, తియ్యలేను. ఇప్పుడీ ఆవులు. మనుషులతో వేగడం చాలనట్టు నా ప్రాణానికి ఇదొకటి."

"మరి ఆడుడు బంద్ చెయ్యరాదు?"

లోవలక్ష్మి లచ్చమ్మ వైపు చూసిన చూపుకి ఉల్లిపాయలు తమంతట తామే తరుక్కునేవి. ఆట మానెయ్యడమట! చెప్పడానికేం, ఎవరైనా చెప్తారు.

లోవలక్ష్మిది తుని దగ్గర పల్లె. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు. భర్త వరహాలబాబు మౌలాలిలో ఏదో చిన్న ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసేవాడు. అది మూతపడ్డాక, ఇద్దరూ కలిసి ఈ రెండంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకుని హాస్టల్ పెట్టారు. అప్పటికి మాదాపూర్ వైపు కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో డిగ్రీలు చేతపట్టుకుని ఆడపిల్లలు దిగుతున్నారు. వాళ్లకి నేరేడ్‌మెట్ దూరమే, కానీ అద్దె తక్కువ, పైగా కంపెనీ క్యాబ్ వీధి చివరి దాకా వస్తుంది. పదకొండేళ్లలో ఈ ఇంట్లో అన్నం తిని వెళ్లిన పిల్లలు నాలుగు వందలకు తక్కువ ఉండరు. ఇప్పుడున్నది ముప్పై నలుగురు.

ఆ ముప్పై నాలుగు మందికి నెలకి సరిపడా సరుకులు ఆవిడ మెట్ల కింద గదిలో సర్దుతుంది. గది అని పేరే గానీ, ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మం బయటే. అందులో బియ్యం బస్తాలు, పప్పుల డబ్బాలు, నూనె టిన్నులు, చింతపండు, అప్పడాలు, పిల్లలు ఊళ్ల నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీలు అన్నీ పట్టాలి. పడతాయి కూడా. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా మెంతులు ఎక్కడున్నాయో ఆవిడకి తెలుసు. అలాంటి మనిషిని పట్టుకుని ఒక బొమ్మ గాదె, రోజుకి పదిసార్లు, నీకు సర్దడం రాదు పొమ్మంటుంటే ఒళ్లు మండదూ?

సర్దడంలో ఆవిడకి ఒక పట్టింపు ఉంది. వాళ్లమ్మ నుంచి వచ్చింది. డబ్బాలో బియ్యం అడుగంటా ఊడ్చకూడదు. కొలిచి తీసుకున్నాక ఒక గుప్పెడు వెనక్కి వెయ్యాలి. పప్పయినా అంతే, ఉప్పయినా అంతే. ఖాళీ డబ్బా ఇంట్లో ఉండకూడదు, అడిగిన మనిషికి లేదని చెప్పకూడదు. షిఫ్టు ముగించుకుని ఏ వేళకి ఏ పిల్ల వచ్చినా, మూత పెట్టిన పళ్లెం ఒకటి గట్టు మీద ఉండాల్సిందే. పదకొండేళ్లలో ఒక్క పిల్ల కూడా ఆవిడ నోట "అయిపోయింది, లేదు" అన్న మాట వినలేదు. అదంటే ఆవిడకి కొంచెం గర్వం కూడాను.

అన్నాళ్లూ పెట్టిన అన్నానికి ఆవిడకి మిగిలిందేమిటయ్యా అంటే ఒక మాట: "ఆంటీ, ఫోన్ చేస్తా." పెళ్లి కుదిరిన పిల్ల, బెంగుళూరు వెళ్లిపోయే పిల్ల, ఇంకో హాస్టల్లో ఏసీ ఉందని మారిపోయే పిల్ల, అందరూ సూట్‌కేసు ఆటోలో పెట్టి అదే మాట అంటారు. ఒకటో నెల ఒకసారి చేస్తారు. తర్వాత ఊరు మారగానే సిమ్ము మారుతుంది, నంబరు మారుతుంది, అంతే సంగతులు. లోవలక్ష్మికి కూతురు లేక కాదు ఈ బాధ. కూతురు గాజువాకలో నిక్షేపంగా ఉంది, రోజు విడిచి రోజు ఫోన్ చేస్తుంది. ఇది వేరే. "చేస్తామన్న వాళ్లు చెయ్యొద్దా? నోటి మాటకి విలువుండొద్దా?" అని భర్తతో పోట్లాడుతుంది, ఆయనేదో ఫోన్ చెయ్యనట్టు. తనంతట తాను నంబరు సంపాదించి చెయ్యమంటే మాత్రం చెయ్యదు. అడుక్కోవడమా? ఛస్తే చెయ్యదు.

అలాంటప్పుడు ఈ ఆట వచ్చింది. తెచ్చింది దేవకృప. కాకినాడ పిల్ల, నాలుగేళ్లు కింది అంతస్తు చివరి గదిలో ఉంది. జ్వరమొస్తే వంటింట్లో చాప వేసుకుని పడుకునేది, ఒంటరిగా గదిలో ఉండలేక. పుణెలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ తన పాత టాబ్లెట్ లోవలక్ష్మి చేతిలో పెట్టి, పొలం ఎలా దున్నాలో, కోళ్లకి మేత ఎలా వెయ్యాలో చూపించింది. హాస్టల్ పిల్లలూ, హాస్టల్ వదిలిన పిల్లలూ కలిసి పాతికమంది ఆ ఆటలో ఒక గుంపు కట్టారు. గుంపు పేరు నేరేడ్‌మెట్ రైతులు.

ఇంక చూడాలి! ఫోన్ చెయ్యని పిల్లలు పొలంలోకి వచ్చేవారు. ఎండిపోయిన నిమ్మచెట్టుకి ఎవరో నీళ్లు పోసి వెళ్లేవారు. తెర కింద మాటలు రాసుకునే చోట, "ఆంటీ, అయిదు గుడ్లున్నాయా?" అని ఒకతె, "నాకు బెల్లం కావాలి ఆంటీ" అని ఇంకొకతె. ఉన్నాయమ్మా, తీసుకో అని ఒంటివేలితో కొట్టి పంపేది. అడిగేది అయిదే కదా. అందుకని ప్రతి సరుకూ అయిదు మిగల్చడం మొదలుపెట్టింది. గుడ్లు అయిదు, వెన్న అయిదు, రొట్టెలు అయిదు, ఉన్ని అయిదు. ఆటలో ఒక్కో మెట్టు ఎక్కిన కొద్దీ కొత్త సరుకులు వచ్చాయి. వాటిలోనూ అయిదు.

మూడు నెలలుగా దేవకృప పొలంలోకి రావడం లేదు. దాని చేను పచ్చగా పండి అలాగే నిలబడి ఉంది, కోసేవాళ్లు లేరు. లోవలక్ష్మి రోజూ వెళ్లి ఆ పొలం చూసి వస్తుంది. గుంపులో పేరు మాత్రం ఉంది. ఎప్పుడో ఒకప్పుడు తెరవకపోదు, తెరిచిన రోజు తను అక్కడ ఉండాలి. అందుకే లచ్చమ్మ మానెయ్యమంటే అంత చూపు చూసింది.

ఆ ఉండడానికే ఇప్పుడు ఎసరొచ్చింది. గుంపు నాయకురాలు భవాని, ఆలేరు పిల్ల, పై అంతస్తులో ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ఆటలోనూ అదే పని. వారం వారం గుంపుల మధ్య పందెం జరుగుతుంది, ప్రతివాళ్లూ ఇచ్చిన పని పూర్తిచెయ్యాలి. మూడు వారాలుగా లోవలక్ష్మి పని పూర్తికావడం లేదు. మొన్న శుక్రవారం భవాని వంటింటి గుమ్మంలో నిలబడి, తలదించుకునే, కానీ స్పష్టంగా చెప్పేసింది.

"ఏమనుకోకండి ఆంటీ. గ్రూపుల అందరు అడుగుతున్రు. మూడు వారాల సంది మనం ఓడిపోతున్నం. ఈ ఆదివారం సాయంత్రం ఆరింటి లోపట మీ పని గాకపోతే, మిమ్మల్ని తీసేయాల్సొస్తది."

"తీసెయ్యి. మహారాజులా తీసెయ్యి," అంది లోవలక్ష్మి. ఆ రాత్రి చారులో ఉప్పు ఎక్కువైంది.

ఆదివారం వచ్చింది. ఆవిడ పని యాభై బిందెల పాలు తియ్యడం. ఎనిమిది అయ్యాయి, గాదె నిండిపోయింది. ఇంకా నలభై రెండు కావాలి. ఆరు ఆవులు, గంటకొకసారి ఇస్తాయి. అంటే ఏడు విడతలు. పదకొండుకి మొదలుపెడితే అయిదింటికి ఏడోసారి పిండొచ్చు. పన్నెండుకి మొదలుపెడితే అందీ అందదు.

గాదె పెద్దది చేసుకోవచ్చు. దానికి ఎనిమిది చెక్కలు, ఎనిమిది మేకులు, ఎనిమిది బోల్టులు కావాలి. ఇవి కొనుక్కుంటే వచ్చేవి కావు. చేను కోసినప్పుడు ఎప్పుడో ఒకటి దొరుకుతుంది. ఆవిడ దగ్గర చెక్కలు ఇరవై ఏడు, మేకులు ఇరవై రెండు. బోల్టులు మూడు. రెండు నెలలుగా మూడే. చేను కోస్తే చెక్క, ఆవుని పిండితే మేకు, కోడిని కదిపితే మళ్లీ చెక్క! గాదెని పెంచడానికి దాచిన సామాను గాదెలోనే కూర్చుని గాదెని మింగేస్తోంది.

"ఎవడు తయారుచేశాడో గానీ, వాడి ఇంట్లో అలమర తలుపు మూసుకోకుండా పోవాలి," అని శపించింది.

పేపరు చదువుతున్న వరహాలబాబు కళ్లజోడు పైనుంచి చూశాడు. "మూడు బోల్టులు తక్కువా, అయిదా? రాణీగంజ్ వెళ్లి తెచ్చిపెట్టనా? సైజు చెప్పు."

"మీ వేళాకోళం మీరూ! తప్పుకోండి, నెట్‌వర్కుకి అడ్డొస్తున్నారు."

"నేనా?"

"మీరే."

ముందు దుకాణం చూసింది. ఆటలో రోడ్డు పక్కన బల్ల ఉంటుంది, అందులో పది గళ్లు. సరుకు పెడితే ఎవరైనా వచ్చి కొంటారు. పదింటిలోనూ వెన్న పెట్టి నాలుగు రోజులైంది. ఒక్కడూ ముట్టుకోలేదు. ఇంకొకడున్నాడు, బండివాడు. ఏది ఇచ్చినా అప్పటికప్పుడు ఎత్తుకుపోతాడు, కానీ నాలుగో వంతు ధర కూడా పెట్టడు. వాడి టోపీ చూస్తేనే లోవలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చెమటోడ్చి పండించింది వాడికి ధారపొయ్యాలా?

పదింబావుకి భవాని తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని ఉప్మా కోసం వచ్చింది. వచ్చి, పళ్లెం అందుకోకుండా టాబ్లెట్‌లోకి తొంగి చూసింది.

"ఎన్నయినయి ఆంటీ?"

"ఎనిమిది."

"ఎనిమిదే! ఇగ అయినట్టే. జెర ఇటియ్యండి, మీ గాదె చూస్త."

ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి ఇచ్చింది. భవాని చూపుడువేలితో పైకీ కిందకీ జరిపింది. జరుపుతున్న కొద్దీ దాని నోరు తెరుచుకుంది.

"ఇదేంది ఆంటీ? ముప్పై ఎనిమిది రకాలున్నయి. అన్నీ ఐదైదే! నూటతొంభై గిట్లనే పోయినయి. చెక్కలు ఇరవై ఏడా? ఎనిమిది చాలు గదా, గివన్నీ ఎందుకు మోస్తున్రు?"

"ఎనిమిది ఇప్పటికి చాలు. మళ్లీ పెంచాలంటే?"

"ఫస్టు ఒక్కసారన్న పెంచుండ్రి! మీ దగ్గర బోల్టులే లేవు!"

"బోల్టులు వచ్చిన రోజున చెక్కల్లేక ఆగిపోమంటావేటి?"

భవాని నుదురు కొట్టుకుంది. "సరే, చెక్కలు ఇడిసిపెట్టండి. ఈ ఐదు ఉన్ని కోట్లు ఎందుకు? ఈ ఐదు బ్లూబెర్రీ రొట్టెలెందుకు? మీరు ఏ ఆర్డరుకు సుత పంపుతలేరు."

"ఎవరైనా అడిగితే?"

"ఎవరడుగుతున్రు ఆంటీ?"

లోవలక్ష్మి మూకుడులో గరిటె గట్టిగా గీకింది. ఎవరూ అడగడం లేదు. మొదట్లో అడిగేవారు. ఒకరి తర్వాత ఒకరు వాళ్ల గాదెలు పెద్దవయ్యాయి, వాళ్ల దగ్గర అన్నీ ఉన్నాయి. చివరిసారి గుడ్లు అడిగింది దేవకృప. అది జరిగి మూడు నెలలు. ఆ సంగతి తనకి తెలుసు, పైకి ఒప్పుకోవడానికే నోరు రావడం లేదు.

"మీరు మంచిగ ఆడుతరు ఆంటీ, అందరికన్నా ముందు లేస్తరు," అంది భవాని గొంతు తగ్గించి. "గని గిట్ల అన్నీ దాసి పెట్టుకుంటే కొత్తది యాడ పట్టాలె? నాక్కూడ మిమ్మల్ని తీసుడు ఇష్టం లేదు. బండాయనకు అమ్మేయండి. జాగ అయితది."

"నువ్వు ఉప్మా తిను. చల్లారిపోతోంది."

"నేను అమ్మాల్నా?"

"చెయ్యి తియ్యి! నా గాదె నేను ఊడ్చుకుంటాను. ఒకళ్లు ఊడ్చక్కర్లేదు."

పదీ నలభై అయింది. లోవలక్ష్మి టాబ్లెట్ పట్టుకుని మెట్ల కింద గదిలోకి పోయి బియ్యం బస్తా మీద కూర్చుంది. ఉక్కపోత. అయినా అక్కడైతే ఎవరూ చూడరు. బండివాణ్ణి పిలిచింది. వచ్చాడు, ఆ వెధవ నవ్వూ వాడూ. ముందు చెక్కలిచ్చింది. పందొమ్మిది. వాడు ఎత్తుకున్నాడు. మేకులు పద్నాలుగు. నలభై రెండు ఖాళీ అవ్వాలి, ముప్పై మూడు అయ్యాయి అని లెక్క వేసుకుని, అమ్మయ్య, ఇంక తొమ్మిదే, తొమ్మిది సరుకుల్లో తలో ఒకటి తీస్తే సరిపోతుందిలే అనుకుంది.

అలా జరిగితే బాగానే ఉండేది. ఉన్నికోట్లు ఒకటి తీద్దామని నొక్కింది. వాడు అయిదుకి తక్కువైతే ముట్టడట. అయిదూ ఇస్తావా, లేదా? అంతే వాడి బేరం. అయిదూ పోయాయి. రొట్టెలు అయిదూ పోయాయి. ఇంక చేతికి అడ్డూ ఆపూ లేకపోయింది. ఎలాగూ పోయేదే కదా అని కోపం ముంచుకొచ్చి, వెన్న, బెల్లం, తేనె, జామ్, గుడ్లు, వరసబెట్టి నొక్కుతూ పోయింది. గుడ్ల దగ్గర మాత్రం వేలు కాసేపు ఆగింది. తర్వాత నొక్కేసింది. చూస్తుండగా గాదె బోసిపోయింది. పాలు, మూడు బోల్టులు, మిగిలిన చెక్కలూ మేకులూ. అంతే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మిరపకాయల ఘాటు అనుకుందామంటే బస్తా మూతి గట్టిగా కట్టే ఉంది. బొమ్మ గాదె కోసం ఏడవడమేమిటి, యాభై మూడేళ్ల వయసులో!

పదకొండుకి మొదటి విడత పిండింది. ఆరు. బార్న్ ఫుల్ రాలేదు. రానందుకు సంతోషం కూడా కలగలేదు.

పన్నెండుకి పిల్లలకి ఆదివారం కోడికూర వడ్డిస్తూ మధ్యలో పిండింది. ఒంటిగంటకి పెరుగు వేస్తూ. రెండింటికి లచ్చమ్మ గిన్నెలు తోముతూ, "అమ్మా, కుక్కర్ లెక్క ఆ పలక కూయబట్టె," అని కేకేసి పిలిచింది. మూడింటికి కరెంటు పోయి వైఫై ఆగిపోతే, వరహాలబాబు ఫోన్‌లో నెట్ పెట్టి ఇచ్చి, ఇన్‌వర్టర్ దగ్గర కాపలా కూర్చున్నాడు. వేళాకోళం చెయ్యలేదు. ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. అయిదుంబావుకి యాభయ్యో బిందె నిండింది. పై అంతస్తు నుంచి భవాని అరిచిన అరుపుకి పక్కింటి కుక్క లేచింది. ఆరింటికి నేరేడ్‌మెట్ రైతులు రెండో స్థానంలో నిలిచారు. పిల్లలు ఒక్కొక్కరే వంటింట్లోకి వచ్చి ఆంటీ, సూపర్ ఆంటీ అని బుగ్గలు లాగి వెళ్లారు. గుంపులో పేరు నిలిచింది. లోవలక్ష్మి దీపం పెట్టి, రాత్రికి చపాతీ పిండి కలపడానికి కూర్చుంది.

పిండి సగం కలిసేసరికి టాబ్లెట్ టింగుమంది. అభినందనలే అనుకుని మోచేత్తో దగ్గరికి జరిపి చూసింది. పేరు చూసి చెయ్యి ఆగిపోయింది.

దేవకృప. "ఆంటీ, అయిదు గుడ్లున్నాయా?"

పిండి చేత్తోనే టాబ్లెట్ పట్టుకుంది. గాదె తెరిచింది. తెలిసే తెరిచింది. గుడ్ల గడి ఖాళీ. కోళ్ల దగ్గరికి పరుగెత్తింది, అవి మేత లేక నిద్రపోతున్నాయి. పొద్దున్నించీ ఆవుల గొడవలో కోళ్లకి మేత వెయ్యలేదు. మూడు నెలలు దాచి, ఏడు గంటల కిందట ఆ టోపీవాడికి చేతులారా ఇచ్చింది. ఇవ్వాళే అడగాలా? నిన్న అడగకూడదా? తన మీద, భవాని మీద, ఆట చేసినవాడి మీద, అందరి మీదా కలిపి ఒకేసారి కోపం వచ్చింది. జవాబు రాయకుండా ఊరుకుందామా అనుకుంది. ఊరుకుంటే అది మళ్లీ వెళ్లిపోతుంది. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాసింది.

"లేవమ్మా."

జీవితంలో ఆ మాట ఒక పిల్లకి చెప్పడం అదే మొదటిసారి. చెప్పి, మొహం పక్కకి తిప్పుకుంది. మళ్లీ టింగుమంది.

"అయ్యో పర్లేదాంటీ. నాకు గుడ్లెందుకు? ఆట మానేసి చాలా రోజులైంది. మీరింకా ఇందులో ఉన్నారో లేరోనని ఊరికే అడిగా."

లోవలక్ష్మి రెండుసార్లు చదివింది. మూడోసారి గట్టిగా చదివింది, లచ్చమ్మ వింటుండగా. "ఊరికే అడిగిందిట! చూశావే? ఊరికేట! ఆర్నెల్ల నుంచీ ముప్పై ఎనిమిది రకాలు అయిదేసి చొప్పున నెత్తిన పెట్టుకు మోశాను. ఆవులు అరిచాయి, పొయ్యి మూలపడింది, గుంపులోంచి గెంటించుకునే దాకా వచ్చాను. ఆ ముక్క మొదటి రోజే ఏడిస్తే నాకీ గతి పట్టేదా!"

అదంతా రాద్దామని మొదలుపెట్టింది. నాలుగు మాటలు కొట్టేసరికి గడి నిండిపోయింది, ఇంక అక్షరాలు పట్టవని టాబ్లెట్ మొరాయించింది. రాసిందంతా చెరిపేసింది. పిండి అంటిన వేలు చీర కొంగుకి తుడుచుకుని, పదకొండేళ్లలో ఏ పిల్లనీ అడగనిది అడిగింది.

"నీ ఫోన్ నంబరు రాయి. నిన్ను తిట్టాలి. ఇందులో చోటు చాలదు."

నంబరు వెంటనే వచ్చింది. చపాతీల పీట లచ్చమ్మ వైపు నెట్టేసి, లోవలక్ష్మి భర్త చేతిలోంచి ఫోన్ లాక్కుంది.